గ్రిడ్ చేరని కొండ గ్రామాలకు సొంత విద్యుత్తు: నేపాల్ సాముదాయక జల విద్యుత్ కేంద్రాల అనుభవం

(నేపథ్య సమాచార వ్యాసం)

విద్యుత్ లైను వేయడం కష్టసాధ్యమైన కొండ గ్రామాలలో, ఊరి పక్కన పారే వాగు నీటితో గ్రామస్థులే విద్యుత్తును ఉత్పత్తి చేసుకొని, తామే పంపిణీ చేసుకొని, తామే రుసుము వసూలు చేసుకొనే విధానం నేపాల్‌లో దశాబ్దాలుగా అమలులో ఉన్నది. ఈ కేంద్రాలలో కొన్ని ఏళ్ల తరబడి వెలుగునివ్వగా, మరికొన్ని ప్రారంభోత్సవం జరిగిన కొద్ది కాలానికే మూతపడ్డాయి. ఈ రెంటికీ మధ్య గల తేడా యంత్రంలో కంటే యాజమాన్యంలోనే ఎక్కువగా ఉన్నదని ఆ దేశ అనుభవం తెలుపుతున్నది. తూర్పు కనుమలలోని గిరిజన గ్రామాల విద్యుదీకరణను పరిశీలించే పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించగలదన్న ఉద్దేశంతో ఆ అనుభవాన్ని, దానికి సంబంధించిన మన దేశ చట్ట నిబంధనలను ఇక్కడ పొందుపరచడమైనది.

నిర్వచనాలు:

భారతదేశంలో 25 మెగావాట్ల వరకు స్థాపిత సామర్థ్యం గల జల విద్యుత్ కేంద్రాలను చిన్న జల విద్యుత్ కేంద్రాలుగా పరిగణిస్తారు. వీటిలో 100 కిలోవాట్ల లోపు వాటిని సూక్ష్మ కేంద్రాలుగా (మైక్రో హైడల్), 2 మెగావాట్ల లోపు వాటిని మినీ కేంద్రాలుగా వర్గీకరించారు. నేపాల్‌లో 10 కిలోవాట్ల లోపు వాటిని పికో కేంద్రాలని, 10 నుండి 100 కిలోవాట్ల వరకు గల వాటిని సూక్ష్మ కేంద్రాలని, 100 నుండి 1,000 కిలోవాట్ల వరకు గల వాటిని మినీ కేంద్రాలని వ్యవహరిస్తారు. ఈ వ్యాసం ప్రధానంగా 100 కిలోవాట్ల లోపు కేంద్రాలకు సంబంధించినది.

పనిచేసే తీరు:

సూక్ష్మ జల విద్యుత్ కేంద్రానికి పెద్ద ఆనకట్టతో గాని, జలాశయంతో గాని పనిలేదు. వాగుకు అడ్డంగా చిన్న రాతికట్ట కట్టి, ప్రవాహంలో కొంత భాగాన్ని కాలువలోకి మళ్లిస్తారు. ఇసుక అడుగుకు చేరేందుకు వీలుగా కాలువ మార్గంలో ఒక తొట్టిని, కొండ అంచున మరొక తొట్టిని నిర్మిస్తారు. అక్కడి నుండి పెన్‌స్టాక్ అనే గొట్టం ద్వారా నీరు వేగంగా దిగువకు దూకి టర్బైన్‌ను తిప్పుతుంది. ఆపై అదే నీరు తిరిగి వాగులో కలుస్తుంది.

ఉత్పత్తి అయ్యే విద్యుత్తు రెండు అంశాలపై ఆధారపడుతుంది. మొదటిది నీటి పరిమాణం, రెండవది నీరు దూకే ఎత్తు. ఉదాహరణకు సెకనుకు 50 లీటర్ల నీరు 60 మీటర్ల ఎత్తు నుండి దూకినప్పుడు, యంత్రాలలో సగం శక్తి నష్టమవుతుందని భావించినా, దాదాపు 15 కిలోవాట్ల విద్యుత్తు లభిస్తుంది. ఇంటికి 100 వాట్ల చొప్పున ఇది సుమారు 150 గృహాల దీపాలకు సరిపోతుంది. ఎత్తు ఎక్కువగా ఉండి నీరు తక్కువగా ఉన్నచోట పెల్టన్ టర్బైన్లను, మధ్యరకం ఎత్తులలో క్రాస్‌ఫ్లో టర్బైన్లను అమర్చుతారు. ఇళ్లలో వాడకం తగ్గినప్పుడు మిగిలిన విద్యుత్తును నీటిలో మునిగి ఉండే హీటర్లకు మళ్లించి, వోల్టేజీని నిలకడగా ఉంచేందుకు ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలర్ అనే పరికరాన్ని ఉపయోగిస్తారు.

నేపాల్‌లో ఆరంభం:

నేపాల్‌లో తొలి జల విద్యుత్ కేంద్రం 1911లో ఖాట్మండు సమీపంలోని ఫర్పింగ్ వద్ద 500 కిలోవాట్ల సామర్థ్యంతో ఏర్పాటైంది. దాని వెలుగు రాణాల రాజప్రాసాదాలకు పరిమితమైంది. హిమాలయాల నుండి దిగే అపార జలసంపద ఉన్నప్పటికీ కొండ గ్రామాలు ఆ తరువాత అనేక దశాబ్దాలు కిరోసిన్ బుడ్లతోను, దేవదారు పేళ్లతోను కాలం గడిపాయి.

అయితే కొండ ప్రజలకు నీటితో యంత్రాన్ని తిప్పడం కొత్త విషయం కాదు. కొయ్య చక్రంతో ధాన్యం పిండి పట్టే నీటి మరలు, స్థానికంగా ‘ఘట్ట’ అని పిలిచేవి, అక్కడ తరతరాలుగా ఉన్నాయి. 1960వ దశకంలో స్విట్జర్లాండ్ సాయంతో నడిచిన బాలాజు యంత్రశాల, నార్వే దేశానికి చెందిన ఇంజనీరు ఓడ్ హోఫ్తున్ 1963లో నెలకొల్పిన బుట్వల్ సాంకేతిక శిక్షణ సంస్థ స్థానికంగానే టర్బైన్ల తయారీకి బాటలు వేశాయి. తొలి టర్బైన్లు వడ్లు దంచడానికి, పిండి పట్టడానికి, నూనె ఆడడానికి ఉద్దేశించినవి. పగలు మర తిప్పే టర్బైన్‌కు రాత్రిపూట జనరేటర్‌ను తగిలించి దీపాలు వెలిగించడం ఆ తరువాతి పరిణామం. విద్యుత్తు కంటే ముందు జీవనోపాధి అవసరం ఈ యంత్రాలను కొండలెక్కించిందన్నది గమనార్హం.

చట్టపరమైన వెసులుబాట్లు:

1984లో నేపాల్ ప్రభుత్వం 100 కిలోవాట్ల లోపు కేంద్రాలకు లైసెన్సు అవసరాన్ని తొలగించింది. ఆ మరుసటి సంవత్సరం నుండి విద్యుదీకరణ పరికరాలకు సబ్సిడీ లభించింది. వ్యవసాయాభివృద్ధి బ్యాంకు రుణాలు మంజూరు చేసింది. 1992 విద్యుత్ చట్టం ఈ మినహాయింపును 1,000 కిలోవాట్ల వరకు పొడిగించింది. అదే సంవత్సరం వచ్చిన జలవనరుల చట్టం నీటి వినియోగంలో తాగునీటికి, గృహావసరాలకు మొదటి స్థానాన్ని, సాగునీటికి రెండవ స్థానాన్ని, పశుపోషణ వంటి వ్యవసాయ అనుబంధ అవసరాలకు మూడవ స్థానాన్ని, జల విద్యుత్తుకు నాల్గవ స్థానాన్ని ఇచ్చింది. పొలానికి నీరు కావలసినప్పుడు టర్బైన్ ఆగవలసిందే. ఈ ప్రాధాన్య క్రమం ముందే ఖరారు కావడం వలన వాగు నీటిపై తగాదాలను పరిష్కరించేందుకు ఒక ప్రాతిపదిక ఏర్పడింది.

1996లో ప్రత్యామ్నాయ ఇంధన ప్రోత్సాహక కేంద్రం ఏర్పాటైంది. సబ్సిడీల నిర్వహణ, నాణ్యతా ప్రమాణాల రూపకల్పన దాని ప్రధాన బాధ్యతలు. ఏడాదిలో కనీసం 11 నెలలు లభించే ప్రవాహం ఆధారంగానే కేంద్రం సామర్థ్యాన్ని నిర్ణయించాలన్నది ఈ ప్రమాణాలలో ముఖ్యమైనది. వర్షాకాలపు పొంగును చూసి పెద్ద యంత్రాన్ని అమర్చితే అది వేసవిలో నిరుపయోగంగా పడి ఉండడమే ఇందుకు కారణం.

ముందు సంఘం, తరువాత యంత్రం:

1996లోనే ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో గ్రామీణ ఇంధనాభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైంది. కొద్ది జిల్లాలలో మొదలైన ఈ కార్యక్రమం 2003లో ప్రపంచ బ్యాంకు సాయం తోడైన తరువాత మరిన్ని జిల్లాలకు విస్తరించింది. యంత్రం కంటే ముందు సంఘాన్ని నిర్మించడం దీని ప్రత్యేకత.

గ్రామంలోని ప్రతి ఇంటి నుండి ఒక పురుషుడు, ఒక స్త్రీ వేర్వేరు సంఘాలలో సభ్యులుగా చేరవలసి ఉండేది. ఈ సంఘాలు క్రమం తప్పక సమావేశమై పొదుపు మొత్తాలను జమ చేసేవి. ఆపై రెండు రకాల సంఘాల ప్రతినిధులతో విద్యుత్ కేంద్రం నిర్వహణ బృందం ఏర్పడేది. సంస్థాగత నిర్మాణం, నైపుణ్యాల పెంపు, మూలధన సమీకరణ, సాంకేతిక పరిజ్ఞాన ప్రోత్సాహం, పర్యావరణ పరిరక్షణ, మహిళా సాధికారత అనే ఆరు సూత్రాలు ఈ కార్యక్రమానికి ప్రాతిపదికలుగా ఉండేవి.

మహిళలకు వేరుగా సంఘాలు ఏర్పాటు చేయడానికి బలమైన కారణమున్నది. ధాన్యం దంచడం, పిండి విసరడం, వంటచెరకు మోసుకురావడం కొండ గ్రామాలలో స్త్రీల పనులు. విద్యుత్తు దీపాలకే పరిమితం కావాలా, మర కూడా నడవాలా అన్న నిర్ణయం వారి దైనందిన శ్రమతో నేరుగా ముడిపడినది.

నిర్మాణ వ్యయంలో కొంత భాగం ప్రభుత్వ సబ్సిడీగా, కొంత స్థానిక సంస్థల వాటాగా, కొంత బ్యాంకు రుణంగా లభిస్తుంది. మిగిలినది గ్రామస్థుల నగదు వాటా, శ్రమదానం. కాలువ తవ్వకం, రాళ్ల మోత, స్తంభాల తరలింపు వంటి పనులను గ్రామస్థులు చేపడతారు. రోడ్డు లేని చోటికి జనరేటర్‌ను, గొట్టాలను భుజాల మీద చేర్చవలసి ఉండడంతో, మనుషులు మోయగల బరువుకు లోబడి పరికరాలను ఎంపిక చేయవలసి వస్తుంది.

రుసుము, నిర్వహణ:

చాలా కేంద్రాలలో తొలుత మీటర్లు ఉండవు. ఇంటికి ఇన్ని వాట్లు అని నిర్ణయించి, వాట్ల లెక్కన నెలవారీ రుసుము వసూలు చేస్తారు. నిర్ణీత పరిమితికి మించి వాడితే ఆ ఇంటి సరఫరా దానంతట అదే నిలిచిపోయేందుకు చిన్న బ్రేకర్‌ను అమర్చుతారు. మీటర్ ఖర్చు, రీడింగ్ శ్రమ తప్పుతాయి గనుక ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. అయితే వాడినా వాడకపోయినా ఒకే రుసుము కావడం వలన పొదుపుకు ప్రోత్సాహం ఉండదు. మరలు, దుకాణాలు పెరిగిన చోట మీటర్ల వైపు మళ్లడం జరిగింది.

వసూలైన రుసుము ప్రధానంగా మూడు ఖాతాలకు చేరాలి. మొదటిది ఆపరేటర్ జీతం. రెండవది బేరింగులు, బెల్టులు, గ్రీజు వంటి నిత్యావసర ఖర్చులు. మూడవది పెద్ద మరమ్మతుల నిధి. ఇసుక రాపిడికి టర్బైన్ రెక్కలు అరిగిపోవడం, పిడుగుపాటుకు లోడ్ కంట్రోలర్ కాలిపోవడం, కొండచరియ విరిగి కాలువ తెగిపోవడం ఈ కేంద్రాలకు తప్పని ముప్పులు. మూడవ ఖాతా ఖాళీగా ఉన్న గ్రామంలో మొదటి పెద్ద మరమ్మతే ఆఖరి మరమ్మతు అవుతుంది.

శిక్షణ పొందిన ఆపరేటర్ ఉపాధి కోసం ఖాట్మండుకో, గల్ఫ్ దేశాలకో వలస వెళ్లడం మరొక తరచైన సమస్య. కేంద్రానికి ఒక్కరికే కాక ఇద్దరు ముగ్గురికి శిక్షణ ఇవ్వడం, జీతాన్ని క్రమం తప్పకుండా చెల్లించడం దీనికి పరిష్కారాలు.

పగటి వాడకమే ఆదాయం:

దీపాలు వెలిగేది సాయంత్రం కొద్ది గంటలే. మిగిలిన సమయమంతా నీరు పారుతూనే ఉంటుంది, విద్యుత్తు మాత్రం వృథా అవుతుంది. రుసుముల ద్వారా లభించే ఆదాయం మరమ్మతులకు చాలకపోవడానికి ఇదే ముఖ్య కారణం. పిండి మర, వడ్ల మర, నూనె గానుగ, వడ్రంగి కొయ్యకోత యంత్రం, పాల శీతలీకరణ వంటి పగటి పనులు సమకూరిన చోట కేంద్రం తన కాళ్లపై తాను నిలబడగలుగుతుంది. ఎవరెస్ట్ ప్రాంతంలో స్థానిక వినియోగదారుల భాగస్వామ్యం గల ఖుంబూ బిజులీ కంపెనీ నిర్వహించే థామే కేంద్రం ఇందుకు నిదర్శనం. ఆస్ట్రియా సాయంతో నిర్మితమై 1990వ దశకం మధ్యలో పనిచేయనారంభించిన ఈ కేంద్రం 600 కిలోవాట్ల స్థాయిది. నామ్చే బజార్ పరిసరాలలోని పర్యాటక వసతి గృహాలు విద్యుత్తుతో వంట చేసుకొనే వీలు కలగడంతో కంపెనీకి నిలకడైన కొనుగోలుదారులు లభించారు, వంటచెరకు కోసం అడవిపై పడే భారమూ తగ్గింది.

గ్రిడ్ వచ్చినప్పుడు:

2008-09 శీతాకాలంలో నేపాల్ గ్రిడ్ పరిధిలో రోజుకు 16 గంటల వరకు విద్యుత్ కోత అమలైంది. రాజధాని చీకటిలో ఉన్న ఆ రోజులలో గ్రిడ్‌తో సంబంధం లేని కొండ గ్రామాలు తమ సొంత కేంద్రాలపై ఆధారపడ్డాయి. తరువాతి సంవత్సరాలలో పరిస్థితి మారింది. 2018 నాటికి విద్యుత్ కోతలు అధికారికంగా ముగిశాయి. 2021లో 456 మెగావాట్ల అప్పర్ తామాకోషి కేంద్రం ఉత్పత్తి ప్రారంభించింది. గ్రిడ్ లైన్లు కొండలెక్కాయి.

దీనితో గ్రామ కేంద్రాలకు కొత్త సమస్య తలెత్తింది. కావలసినన్ని వాట్లు ఇచ్చే గ్రిడ్ వచ్చాక వినియోగదారులు అటువైపు మళ్లుతారు. రుసుము చెల్లించేవారు లేక కేంద్రం మూతపడుతుంది. గ్రామస్థులు శ్రమదానంతో తవ్విన కాలువ, తీర్చిన రుణం, కూడబెట్టిన నైపుణ్యం నిష్ఫలమవుతాయి. ఈ పరిస్థితిని ఎదుర్కొనేందుకు మూడు మార్గాలు అమలులోకి వచ్చాయి.

మొదటిది, కేంద్రాలను ఒకదానితో ఒకటి కలపడం. బాగ్లుంగ్ జిల్లాలోని ఊర్జా ఉపత్యకలో 9 నుండి 26 కిలోవాట్ల వరకు సామర్థ్యం గల ఆరు కేంద్రాలను 11 కిలోవోల్టుల లైనుతో అనుసంధానించి, మొత్తం 107 కిలోవాట్ల మినీ గ్రిడ్‌ను 2010వ దశకం తొలి సంవత్సరాలలో ఏర్పాటు చేశారు. ఒక సహకార సంఘం వివిధ కేంద్రాల నుండి విద్యుత్తు కొని తిరిగి విక్రయించేలా దీనిని రూపొందించారు. ఒక వాగులో మిగిలిన విద్యుత్తు మరొక గ్రామ మరను నడపడం దీని ప్రయోజనం.

రెండవది, జాతీయ గ్రిడ్‌కు విక్రయించడం. నువాకోట్ జిల్లాలోని 23 కిలోవాట్ల స్యావురే భూమి సూక్ష్మ కేంద్రం 2018 జనవరిలో జాతీయ గ్రిడ్‌తో అనుసంధానమైంది. ఈ స్థాయి కేంద్రం గ్రిడ్‌లో చేరడం ఆ దేశంలో అదే ప్రథమం. అంతవరకు గ్రామానికి మాత్రమే పనికివచ్చిన యంత్రం అప్పటి నుండి గ్రామానికి ఆదాయ వనరు కాగలిగింది.

మూడవది, గ్రిడ్ విద్యుత్తునే సంఘం పంపిణీ చేయడం. 2003లో నేపాల్ విద్యుత్ ప్రాధికార సంస్థ రూపొందించిన నిబంధనల ప్రకారం వ్యయంలో 20 శాతం స్థానిక సంఘం, 80 శాతం ప్రభుత్వం భరించి, టోకున కొన్న విద్యుత్తును సంఘమే ఇళ్లకు సరఫరా చేసే విధానం మొదలైంది. 2015 రాజ్యాంగం చిన్న జల విద్యుత్ పథకాలను, ప్రత్యామ్నాయ ఇంధనాన్ని స్థానిక ప్రభుత్వాల అధికార జాబితాలో చేర్చడం మరొక ముఖ్య పరిణామం.

ప్రకృతి వైపరీత్యాలు:

1985 ఆగస్టు 4న డిగ్ త్షో హిమనదీ సరస్సు గట్టు తెగి, దాదాపు పూర్తయిన నామ్చే చిన్న జల విద్యుత్ కేంద్రం కొట్టుకుపోయింది. 2015 ఏప్రిల్ భూకంపంలో అనేక గ్రామాల కాలువలు, యంత్రశాలలు దెబ్బతిన్నాయి. 2024 ఆగస్టు 16న మరొకసారి హిమ సరస్సుల వరద థామే గ్రామాన్ని ముంచెత్తి, పాఠశాలను, ఇళ్లను నాశనం చేసింది. పాత ప్రవాహ లెక్కలపై ఆధారపడి కేంద్రాలను నిర్మించడం క్షేమం కాదని, బీమా, విపత్తు నిధి తప్పనిసరి అని ఈ సంఘటనలు హెచ్చరిస్తున్నాయి.

మన దేశంలో చట్ట నిబంధనలు:

భారతదేశంలో జల విద్యుత్తు కొండ ప్రాంతంలోనే మొదలైంది. 1897లో డార్జిలింగ్ సమీపంలోని సిద్రాపోంగ్ వద్ద 130 కిలోవాట్ల కేంద్రం ప్రారంభమైంది. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ గ్రామానికి విద్యుత్తు చేరడంతో జనాభా గల గ్రామాలన్నీ విద్యుదీకరణ పొందినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అయితే అప్పటి నిర్వచనం ప్రకారం 10 శాతం గృహాలకు, ప్రజోపయోగ భవనాలకు విద్యుత్తు అందితే ఆ గ్రామం విద్యుదీకరణ పొందినట్లే. శివారు గూడేలను ఈ లెక్క నుండి వేరు చేసి చూడవలసి ఉంటుంది.

సాముదాయక విద్యుత్ కేంద్రాలకు సంబంధించి ఈ క్రింది నిబంధనలు ముఖ్యమైనవి.

1. విద్యుత్ చట్టం, 2003, సెక్షన్ 14: రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతంలో విద్యుత్తును ఉత్పత్తి చేసి పంపిణీ చేసేవారికి లైసెన్సు అవసరం లేదు. భద్రతా ప్రమాణాలను మాత్రం పాటించాలి.

2. అదే చట్టం, సెక్షన్ 5: గ్రామీణ ప్రాంతాలలో టోకు కొనుగోలుకు, పంచాయతీలు, వినియోగదారుల సంఘాలు, సహకార సంఘాల ద్వారా స్థానిక పంపిణీ నిర్వహణకు జాతీయ విధానం రూపొందించాలి.

3. పీసా చట్టం, 1996: షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు చెందుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో దీని అమలు నిబంధనలు 2011లో వెలువడ్డాయి.

4. అటవీ హక్కుల చట్టం, 2006, సెక్షన్ 3(2): గ్రామసభ సిఫారసుతో, ఒక్కొక్క సందర్భంలో ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, విద్యుత్ లైన్లు, సంప్రదాయేతర ఇంధన వనరులు వంటి ప్రజావసరాలకు కేటాయించవచ్చు.

తూర్పు కనుమలకు వర్తింపు:

1955లో ఉత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ కేంద్రం ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. దుడుమ జలపాతం పరిసరాల కొండలలో పుట్టిన ఆ విద్యుత్తు మైదాన ప్రాంత పట్టణాలకు, పరిశ్రమలకు చేరింది. కొండలలోని గూడేలు మాత్రం దీర్ఘకాలం దీపానికి నోచుకోలేదు. ఫర్పింగ్ చరిత్రకు, దీనికి పోలిక స్పష్టమే.

పాడేరు, రంపచోడవరం, సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ ప్రాంతాలలో గెడ్డలు, ఊటలు ఉన్నాయి. అయితే హిమాలయ నదుల వలె వీటికి మంచు ఆధారం లేదు. అనేక గెడ్డలు మార్చి నుండి మే వరకు సన్నగిల్లుతాయి. కనుక కనీసం ఒక వేసవిలోనైనా ప్రవాహాన్ని కొలవకుండా పథకాన్ని ప్రతిపాదించడం సరికాదు. వేసవిలో ఎండ, వర్షాకాలంలో నీరు సమృద్ధిగా లభించే ఈ కొండలకు సౌర విద్యుత్తును, జల విద్యుత్తును జోడించే విధానం అనువైనది. ఈ రెంటిలో దేనికైనా నేపాల్ నేర్పిన యాజమాన్య సూత్రాలు సమానంగా వర్తిస్తాయి. సౌర ఫలకానికి ఇసుక బెడద లేకపోయినా, బ్యాటరీలు మార్చవలసిన నాడు నిధి కావలసిందే.

పరిశీలించవలసిన అంశాలు:

ఏదైనా సాముదాయక విద్యుత్ కేంద్రాన్ని సందర్శించే అధికారులు, పాత్రికేయులు ఈ క్రింది విషయాలను తెలుసుకొనడం ఉపయుక్తం.

1. స్థాపిత సామర్థ్యంతో పాటు, వేసవిలో వాస్తవంగా ఎన్ని కిలోవాట్లు ఉత్పత్తి అవుతున్నది?

2. మరమ్మతుల నిధిలో ఎంత మొత్తమున్నది? ఖాతా ఎవరి పేరిట ఉన్నది?

3. గత నెలలో ఎన్ని ఇళ్లు రుసుము చెల్లించాయి?

4. ఆపరేటర్‌కు జీతం అందుతున్నదా? ఆయన లేనప్పుడు యంత్రం నడపగలవారు ఎవరు?

5. పగటిపూట విద్యుత్తును ఏ పనికి వాడుతున్నారు?

6. సాగునీటికి, టర్బైన్‌కు మధ్య నీటి పంపకంపై గ్రామసభ తీర్మానం ఉన్నదా?

7. నిర్వహణ సంఘంలో మహిళలు సభ్యులుగానే ఉన్నారా, లెక్కలు చూస్తున్నారా?

8. గ్రిడ్ లైను వచ్చిన పక్షంలో కేంద్రం భవిష్యత్తు ఏమిటన్నది ఒప్పందంలో ఉన్నదా?

ప్రారంభోత్సవం నాడు ప్రతి కేంద్రమూ వెలుగుతుంది. అయిదేళ్ల తరువాత కూడా వెలుగుతున్నదా లేదా అన్నదే పథకం ఫలితానికి కొలమానం. ఆ సమాధానం యంత్రశాలలో కంటే ముందుగా గ్రామ సంఘం లెక్కల పుస్తకంలో లభిస్తుంది.